తెలుగు సాహిత్యంలో నీడనిచ్చే చెట్టు: ప్రతీక, పౌరస్థలం – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు సాహిత్యంలో చెట్టు ప్రస్తావనకు కొదవ లేదు. విమర్శ మాత్రం ఆ ప్రస్తావనలను పరోపకారానికి ప్రతీకగానో, ప్రకృతి వర్ణనగానో, ఇటీవలి కాలంలో పర్యావరణ స్పృహగానో వర్గీకరించి ఊరుకుంటున్నది. వీధిలో నిలబడి పలువురికి నీడనిచ్చే చెట్టు ఈ మూడు గళ్లలో దేనిలోనూ పూర్తిగా ఇమడదు. ‘నీడ’ అనే మాటకున్న అర్థవిస్తృతిని ఆధారం చేసుకొని పోతన భాగవతంలోని వృక్షప్రశంసను, రచ్చబండను, ఇస్మాయిల్ కవితాసంపుటాల శీర్షికలను, మూసీ వరద నాటి చింతచెట్టును, చేవెళ్ల దారి మర్రిచెట్లను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చెట్టు ఏమి ఇస్తుంది అన్న ప్రశ్న పక్కనే, ఆ ఇచ్చినది ఎవరికి చేరుతుంది అన్న ప్రశ్ననూ విమర్శ అడగవలసి ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: నీడ, వీధిచెట్టు, రచ్చబండ, వృక్షప్రశంస, ఇస్మాయిల్, పౌరస్థలం.

1. ‘నీడ’ అనే మాట

ఎండకు అడ్డుపడిన చల్లని చోటు నీడ. మనిషి వెంట నడిచే నల్లని ఆకారమూ నీడే. నీటిలో కనిపించే ప్రతిబింబాన్నీ తెలుగువారు నీడ అనే అంటారు. సంస్కృతంలోని ఛాయాశబ్దానికి ఇటువంటి విస్తృతి ఉన్నా, తెలుగు నుడికారం ‘నీడ’ను మరింత దూరం తీసుకువెళ్లింది. ఇల్లు లేనివాడికి ‘నిలువ నీడ లేదు’ అంటారు. గోడలు, కప్పు, తలుపు ఇవేవీ ఆ మాటలో లేవు. మనిషి నిలబడటానికి చాలినంత నీడ ఉంటే అదే ఇల్లు. దాంపత్యానికి ‘తోడునీడ’ అన్న జంటపదం ఉంది. ఒకరి అండన బతికితే అది ‘వారి నీడన’ బతకడం. కష్టమెరుగకుండా పెరిగినవారు ‘నీడపట్టున’ పెరిగినవారు. ఈ చివరి ప్రయోగంలో నీడ ఒక వర్గానికి చిహ్నమైంది. ఎండలో పనిచేసేవారు, నీడలో కూర్చునేవారు అనే విభజన భాషలో స్థిరపడిన తీరుకు ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు.

చెట్టు విషయంలోనూ భాష నిష్పక్షపాతంగా లేదు. ఎదిగివచ్చిన కొడుకు ‘చెట్టంత కొడుకు’. ఈ మాట సంతోషంలో కంటే శోకంలోనే ఎక్కువగా వినిపించడం గమనింపదగినది. చెట్టు కూలినప్పుడే దాని కొలత తెలుస్తుంది కాబోలు. మరోవైపు మర్రిచెట్టు కింద మొక్క మొలవదన్న సామెత నీడకున్న రెండో ముఖాన్ని చూపుతుంది. పొలం గట్టున చెట్టు నీడ పడినంత మేర పైరు ఎదగదని రైతుకు తెలుసు. రక్షించే నీడే అణచే నీడ కూడా. ఇక ‘చెట్టుకింద ప్లీడరు’ అనే వెక్కిరింతలో చెట్టు ఒక సంస్థకు వెలుపలి హద్దు. కోర్టు భవనంలో చోటు దొరకనివాడికి చెట్టే కచేరీ. వీధిచెట్టు కింద చెప్పులు కుట్టేవారు, ఇస్త్రీ బండివారు, టీ బండివారు, క్షురకులు, ఆటోడ్రైవర్లు చేరడం ఈ మాటకు కొనసాగింపే. అద్దె లేని పైకప్పుగా చెట్టును వాడుకునే జీవనం తెలుగు పట్టణాలన్నిటా ఉంది. ఈ జీవనానికి భాషలో దొరికిన గుర్తింపు ఒక ఎగతాళి మాట మాత్రమే.

సాహిత్యంలోని చెట్టును చదివే ముందు ఈ నుడికారాలను చదవడం అవసరం. ఎందుకంటే విమర్శకులు చెట్టుకు ఆపాదించే ఏకైక సుగుణమైన ఔదార్యం ఈ మాటలలో అతి తక్కువగా కనిపిస్తుంది. కనిపించేవన్నీ సంబంధాలే: ఆశ్రయం, ఆధారపడటం, హోదా, వెలి.

2. ఏకాంతంలోని చెట్టు

చెట్టును పరోపకారిగా చూసే దృష్టికి తెలుగులో అత్యంత ప్రభావవంతమైన రూపం పోతన భాగవతం దశమస్కంధంలో ఉంది. బృందావనంలోని చెట్లను శ్రీకృష్ణుడు తోటి గోపకులకు చూపి వాటి పుట్టుకను ప్రశంసించే సందర్భమది. చెట్లు ఎవరికీ అపకారం చేయవు. ఎండను, చలిని, గాలిని, వానను అడ్డుకుంటాయి. బెరడు, జిగురు, ఆకు, పువ్వు, వేరు, పండు, చివరకు బూడిద కూడా కోరినవారికి ఇస్తాయి. ఈ జాబితాలో నీడ ఒకానొక వస్తువు మాత్రమే. చెట్టు దేహంలో ప్రతి భాగానికీ ఒక వినియోగం చెప్పిన ఈ పద్యాన్ని పాఠ్యగ్రంథాలు, ఉపన్యాసాలు త్యాగానికి పరాకాష్ఠగా ఉదాహరిస్తూ వచ్చాయి. భర్తృహరి సుభాషితాలలో ఫలభారంతో వంగిన చెట్టు, దానికి ఏనుగు లక్ష్మణకవి మొదలైనవారు చేసిన తెలుగు సేతలు ఇదే దృష్టిని స్థిరపరిచాయి.

ఈ పద్యాన్ని చదివేటప్పుడు రెండు విషయాలు సాధారణంగా జారిపోతున్నాయి. మొదటిది, పోతన ఆ చెట్లను ఏకాంతంలో నిలిపాడు. అవి వనవృక్షాలు. వాటి చుట్టూ పొరుగువారు లేరు, హద్దు తగాదాలు లేవు, ‘ఆకులు మా వాకిట్లో రాలుతున్నాయి’ అనే ఫిర్యాదు లేదు. వనంలో దాత, అర్థి ఇద్దరే ఉంటారు. వీధిలో మూడోవాడు కూడా ఉంటాడు. ఎవరు కూర్చోవాలో చెప్పేవాడు అతడే. వనవృక్షానికి చెప్పిన ధర్మాన్ని వీధివృక్షానికి యథాతథంగా అన్వయించడం వల్ల ఆ మూడోవాడు విమర్శ కంటికి కనబడకుండా పోయాడు.

రెండోది కథాక్రమం. వృక్షప్రశంస ముగిసిన వెంటనే గోపబాలకులకు ఆకలి వేస్తుంది. సమీపంలో యజ్ఞం చేస్తున్న బ్రాహ్మణులను అన్నం అడుగుతారు, వారు పెట్టరు. తరువాత వారి భార్యలు పెడతారు. అడిగినవారికి లేదనకుండా ఇచ్చే చెట్లను ప్రశంసించి, ఆ వెంటనే అడిగినా ఇవ్వని మనుషులను ఎదురుగా నిలబెట్టడం యాదృచ్ఛికమనిపించదు. పద్యాన్ని ఘట్టం నుంచి విడదీసి సూక్తిగా వాడుకోవడంలో ఈ ఎదురుబొదురు పోయింది. వృక్షప్రశంస చెట్లను గురించిన పద్యం ఎంతో, పంపకాన్ని గురించిన కథకు ముఖద్వారం అంత. భాగవతమే అడిగిన ప్రశ్నను భాగవతాన్ని ఉదాహరించేవారు అడగకపోవడం విచిత్రం.

పరోపకార దృష్టికి మరొక పరిమితి ఉంది. ఇవ్వడమే చెట్టు ధర్మమైతే, నరికివేతకు దాని పక్షాన అభ్యంతరం చెప్పే చోటు ఆ దృష్టిలో ఉండదు. కలప కూడా ఒక దానమే అవుతుంది. బూడిద వరకూ వెళ్లిన జాబితాలో గొడ్డలికి అడ్డు ఎక్కడ?

3. రచ్చబండ: నీడ, నీడ సోకడం

వీధికీ చెట్టుకూ తెలుగులో ఉన్న పాత సంబంధం ‘రచ్చ’ అనే మాటలోనే కనిపిస్తుంది. సంస్కృతంలో వీధిని తెలిపే ‘రథ్యా’ శబ్దానికి ప్రాకృతరూపం ‘రచ్ఛా’. తెలుగు ‘రచ్చ’ దానితో ముడిపడిన మాట. ఇంట గెలిచి రచ్చ గెలవమనే సామెతలో ఇంటికి ఎదురుమాట రచ్చ. అంటే ఇంటి బయట నలుగురూ చూసే చోటు. ఊరి నడుమ రావి, వేప, మర్రి వంటి చెట్టు మొదట్లో కట్టిన రాతి అరుగు రచ్చబండ అయింది. తీర్పులు, కబుర్లు, పురాణ కాలక్షేపం అక్కడే జరిగేవి. నేడు ‘రచ్చ చేయడం’ అంటే గొడవ చేయడం. బహిరంగస్థలానికి పేరైన మాట అల్లరికి పేరుగా దిగజారడం వెనుక ఒక సామాజిక చరిత్ర ఉండే ఉంటుంది.

రచ్చబండను గ్రామప్రజాస్వామ్యానికి నమూనాగా కీర్తించే ధోరణి ఒకటుంది. దానిపై ఎవరు కూర్చున్నారు, ఎవరు దూరాన నేలమీద నిలబడ్డారు, ఎవరు ఆ దారిన రాకుండా చుట్టు తిరిగి వెళ్లారు అన్న ప్రశ్నలు వేస్తే ఆ కీర్తన నిలవదు. దళితులకు బండమీద చోటు లేదు. స్త్రీలకు చెట్టు చుట్టూ ప్రదక్షిణం చేసే అవకాశం ఉందిగాని, చెట్టు కింద కూర్చుని మాట్లాడే అవకాశం లేదు. ఒకే చెట్టు ఒకరికి సభ, మరొకరికి వ్రతం, ఇంకొకరికి తప్పుకుపోవలసిన మలుపు.

‘నీడ’కున్న రెండు అర్థాలు ఢీకొన్న చోటు ఇదే. చెట్టు నీడ చల్లదనం. మనిషి నీడ మైల. పీష్వాల ఏలుబడిలో అస్పృశ్యుని నీడ సోకి సవర్ణులు మైలపడతారన్న కారణంతో, వారు వస్తున్నప్పుడు అతడిని బహిరంగ వీధులలో నడవనివ్వలేదని అంబేడ్కర్ 1936లో ప్రచురించిన ‘కులనిర్మూలన’లో ప్రస్తావించారు. ఆ ప్రస్తావన మరాఠా ప్రాంతానిదే అయినా, నీడ సోకడమనే భావన తెలుగు నేలకు పరాయిది కాదు. వీధి అనే ఒకే స్థలంలో ఒక నీడ కోసం వెదకడం, ఒక నీడను తప్పించుకోవడం ఏకకాలంలో జరిగాయి. చెట్టు నీడలో ఉన్నప్పుడు మనిషికి తన నీడ ఉండదు. పెద్ద నీడలో చిన్న నీడ కలిసిపోతుంది. నీడ సోకే భయం ఏ ఎండలో పుట్టిందో ఆ ఎండను చెట్టు తొలగిస్తుంది. అయినా చెట్టు కింద కులం తొలగలేదు. భౌతికంగా చెట్టు చేసిన పనిని సంఘం చేయనివ్వలేదు.

తెలుగు సాహిత్యంలో నీటి పంపకం కథావస్తువైంది. కొలకలూరి ఇనాక్ ‘ఊరబావి’ శీర్షికే అందుకు గుర్తు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922) నివాసస్థలాన్నే నవలకు పేరుగా పెట్టింది. నీడ పంపకానికి మాత్రం అంత ప్రత్యక్షమైన సాహిత్యగౌరవం దక్కలేదు. బావి నీటిని తోడాలి, పాత్ర తాకాలి. నిషేధం స్పష్టంగా కనిపిస్తుంది. నీడ ఎవరూ తోడకుండానే పడుతుంది గనుక అందులో నిషేధం లేదన్న భ్రమ కలుగుతుంది. విమర్శ ఆ భ్రమను పంచుకుంది. దళిత సాహిత్య పరిశోధనలో బావి, గుడి, బడి, శ్మశానం ప్రత్యేక స్థలాలుగా అధ్యయనం పొందిన తీరులో ఊరిచెట్టు కూడా అధ్యయనం పొందవలసి ఉంది.

4. ఇస్మాయిల్: ‘నా’ నుంచి చిలకల దాకా

ఆధునిక కవిత్వంలో చెట్టు అనగానే గుర్తుకువచ్చే పేరు ఇస్మాయిల్ (1928–2003). కాకినాడ పి.ఆర్. కళాశాలలో తత్త్వశాస్త్రం బోధించిన ఈ కవి తొలి సంపుటి ‘చెట్టు నా ఆదర్శం’ 1972లో వెలువడింది. విప్లవ రచయితల సంఘం ఏర్పడి అప్పటికి రెండేళ్లే. కవి నడవాలి, వీధిలోకి రావాలి, ఊరేగింపులో కలవాలి అని కవిత్వం గట్టిగా చెబుతున్న కాలంలో, కదలనిదాన్ని ఆదర్శమని ప్రకటించడం మౌనం కాదు, వాదం. కవికి సిద్ధాంతం కంటే కరుణ ముఖ్యమని ఆయన తరువాత వ్యాసాలలోనూ నిలబెట్టుకున్న వాదమది.

దీనిపై వచ్చిన స్పందనలు రెండు దారులు పట్టాయి. ఒకటి పలాయనమంది, మరొకటి సౌందర్యమంది. పైకి విరుద్ధంగా కనిపించే ఈ రెండింటి మధ్య ఒక ఒప్పందం ఉంది: చెట్టు వీధికి బయట ఉందని ఇద్దరూ అంగీకరించారు. నిందించినవారు అందుకే నిందించారు, మెచ్చినవారు అందుకే మెచ్చారు. ఊరేగింపు సాగే వీధి పక్కనే చెట్టు ఉంటుందనీ, నడిచి అలసినవారు దాని కిందే ఆగుతారనీ ఇరుపక్షాలూ పట్టించుకోలేదు.

‘ఆదర్శం’ అన్న మాటను కాస్త ఆగి చూడాలి. అనుసరింపదగినది అన్న నేటి అర్థం వెనుక, సంస్కృతంలో దానికి అద్దం అన్న అర్థం ఉంది. నీడకు ప్రతిబింబమన్న అర్థం ఉన్నదని పైన చెప్పుకున్నదానితో కలిపి చదివితే, శీర్షిక మరో అర్థాన్నీ ఇస్తుంది: చెట్టు కవికి అద్దం, చెట్టులో కవి తన నీడను చూస్తున్నాడు. కవి ఈ శ్లేషను ఉద్దేశించాడా లేదా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఆ దశలో చెట్టు ‘నా’ అనే మాటతో కట్టుబడి ఉందన్నది ముఖ్యం. తరువాతి సంపుటాలు ‘మృత్యువృక్షం’ (1976), ‘చిలకలు వాలిన చెట్టు’ (1980). మూడు శీర్షికల్లోనూ చెట్టు ఉంది, మూడింటిలోనూ వేరువేరు చెట్లు. మొదటిదానిలో చెట్టు కవి ఆత్మకు సంబంధించినది. మూడోదానిలో ‘నా’ లేదు; వచ్చి వాలినవారి చేత చెట్టు గుర్తింపు పొందుతోంది. ఆదర్శంగా మొదలైన చెట్టు ఒక స్థలంగా మారింది.

శీర్షికల మీద ఇంత బరువు మోపడం సరికాదని ఎవరైనా అనవచ్చు. అయితే ఇస్మాయిల్ మాటల పొదుపుకు పేరుపడ్డ కవి. అటువంటి కవి శీర్షికను అలంకారంగా పెట్టడు. ఆయన చెట్టును వ్యక్తివాదానికి గుర్తుగా చదివినవారు మొదటి శీర్షిక దగ్గరే ఆగిపోయారన్నది ఈ పరిశీలనలో తేలుతున్న అంశం. కరుణ ముఖ్యమన్నప్పుడు ఆ కరుణకు ఒక చోటు కావాలి. చిలకలు వాలిన చెట్టు ఆ చోటు. అయితే వచ్చి వాలినవి చిలకలు, మనుషులు కారు. చిలకలకు కులం లేదు, బండిమీద వ్యాపారం లేదు, పురపాలకసంఘం నోటీసు లేదు. పోతన ఏకాంతాన్ని ఇస్మాయిల్ పూర్తిగా విడిచిపెట్టలేదని కూడా ఇక్కడే చెప్పాలి.

5. వీధిలో ఉన్నది, పద్యంలో లేనిది

సాహిత్యంలోని చెట్లకూ వీధిలోని చెట్లకూ పేర్లలోనే పొంతన లేదు. కవిత్వంలో రావి, మర్రి, వేప రాజ్యమేలుతుంటే, తెలుగు పట్టణాల వీధులలో నీడనిస్తున్నవి ఎక్కువగా కానుగ, వేప, బాదం, నిద్రగన్నేరు. కానుగ నీడ దట్టమైనది. పట్టణవీధికి ఇంతకంటే నమ్మకమైన చెట్టు అరుదు. కవిత్వంలో దాని వాటా మాత్రం స్వల్పం. సాయంత్రానికి ఆకులు ముడిచే నిద్రగన్నేరు దక్షిణ అమెరికా నుంచి వచ్చినది. తెలుగు పేరు పొంది, పాత కార్యాలయాల ఆవరణలను కప్పుకున్నా అది కావ్యగౌరవానికి నోచుకోలేదు. పర్యావరణ కవిత్వంపై వెలువడే పరిశోధనలు పద్యాలలో చెట్ల పేర్లను లెక్కించే పద్ధతికి అలవాటుపడ్డాయి. లెక్కలో లేని చెట్లను గురించి కూడా అవి ఒక మాట చెప్పగలిగితే ఆ శ్రమకు ప్రయోజనం పెరుగుతుంది.

సాహిత్యం విడిచిన చెట్టును ఊళ్ల పేర్లు పట్టుకున్నాయి. విశాఖపట్నంలో మర్రిపాలెం, తాటిచెట్లపాలెం, వేపగుంట. హైదరాబాదులో చింతల్ బస్తీ. అధికారిక పటాలలో లేని ‘వేపచెట్టు సెంటర్లు’, ‘మర్రిచెట్టు స్టాపులు’ ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి. చెట్టు పోయాక కూడా పేరు నిలుస్తుంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. చెట్టులేని చోట చెట్టు పేరుతో స్థలాలే అమ్ముడవుతున్నాయి.

చెట్టు ప్రతీక కాకుండా చెట్టుగానే జ్ఞాపకంలో నిలిచిన ఉదాహరణ హైదరాబాదులో ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ దగ్గర, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు కొమ్మలను పట్టుకుని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని ప్రసిద్ధి. ఆ వరదలోనే తల్లిని, భార్యను, కూతురిని కోల్పోయి బతికి బయటపడ్డ ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ దుఃఖాన్ని కవిత్వంలో నమోదు చేశాడు. ఆ రోజు చెట్టు ఇచ్చినది నీడ కాదు, ఎత్తు. కొమ్మ ఎంత బరువు ఆపగలదన్నదే ప్రశ్న. పక్క కొమ్మమీద ఉన్నది ఎవరన్న విచారణకు నీరు సమయమివ్వలేదు. రచ్చబండ చేయలేని పనిని చింతకొమ్మ చేసిందనడం అతిశయోక్తి కాదు. అయితే అందుకు ఒక నగరం మునగవలసి వచ్చింది. ఏటా ఆ చెట్టు కింద స్మారక సభలు జరుగుతూ వచ్చాయి. హైదరాబాదు ఉర్దూ, తెలుగు సాహిత్యాలను కలిపి చదివే తులనాత్మక పరిశోధనకు ఈ చెట్టు తగిన ప్రవేశద్వారం.

బాట పక్క నీడను పాలకుని కర్తవ్యంగా ప్రకటించిన పాత సాక్ష్యం అశోకుని ఏడో స్తంభశాసనం. మనుషులకు, పశువులకు నీడ కోసం దారుల వెంట మర్రిచెట్లు నాటించానని అందులో ఉంది. ‘అశోకుడు చెట్లు నాటించెను’ అన్న పాఠశాల వాక్యం తెలుగునాట హాస్యానికి సరుకు కావడంతో, ఆ శాసనంలో మనుషుల పక్కన పశువులూ ఉన్నాయన్న సంగతి మరుగునపడింది. మన కాలంలో ఆ దారిమర్రి న్యాయస్థానం దాకా వెళ్లింది. హైదరాబాదు నుంచి చేవెళ్ల మీదుగా బీజాపూర్ వైపు వెళ్లే జాతీయ రహదారిపై, అప్పా కూడలి నుంచి మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్ల దారిలో దాదాపు 900 మర్రిచెట్లున్నాయి. రహదారి విస్తరణ వాటి మీదికి రాగా, పౌరులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. చెట్ల నరికివేతకు అనుమతి కావాలని 2002 నాటి ‘వాల్టా’ చట్టం ఉంది. చట్టం, నివేదికలు చెట్టును చుట్టుకొలతగా, సంఖ్యగా, తరలించదగినదిగా, తరలించరానిదిగా గుర్తిస్తాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2018లో చెదల మందును సెలైన్ సీసాల ద్వారా ఎక్కించినప్పుడు ఆ చెట్టు పత్రికలలో రోగి అయింది. ఆ భాషలో కొంత ఆర్ద్రత ఉంది. నివేదికల భాషలో అదీ లేదు.

ఈ రెండు భాషల మధ్య సాహిత్య విమర్శ చేయగలిగిన పని ఉంది. పరోపకారి అన్న పాత విశేషణం న్యాయస్థానంలో చెట్టుకు సాయపడదు; దాత మరణిస్తే మరొక దాతను నాటవచ్చునన్నది దానికి సిద్ధంగా ఉన్న జవాబు. నరికిన ఒక్కో చెట్టుకు బదులుగా ఇన్ని మొక్కలు నాటుతామనే హామీ ఆ తర్కం మీదే నిలిచి ఉంది. ఎక్కడో నాటిన మొక్క చేవెళ్ల దారిలో మిట్టమధ్యాహ్నం ఆగిన కూలీకి నీడ కాదు. తెలుగువారి సప్తసంతానాలలో కృతి, వనం రెండూ ఉన్నాయి. కృతిని గురించి మాట్లాడేటప్పుడు ఒకదానికి బదులు మరొకటి చాలునని ఏ విమర్శకుడూ అనడు. ప్రతి కృతికీ దాని కాలం, దాని స్థలం, దాని పాఠకులు ఉంటారంటాడు. ఆ వివేకాన్ని తోబుట్టువైన వనానికి కూడా వర్తింపజేయడానికి కొత్త సిద్ధాంతమేదీ అక్కరలేదు. దారిమర్రి కింద జామకాయలమ్మేవారు, బస్సుకోసం నిలబడేవారు, పశువులను ఆపుకునేవారు ఏ నివేదికలోనూ పేరుగా కనిపించరు. ఆ నీడను రోజూ చదువుతున్నది వారే. వారి మాటలను, ఆయా చెట్లకు వారు పెట్టుకున్న పేర్లను, అక్కడ పుట్టిన తగాదాలను సేకరించే క్షేత్రపర్యటన ఆ చెట్లు నిలిచి ఉండగానే జరగవలసి ఉంది.